మన కాళ్ళ కింది గడ్డి చామంతి

సావనీరుకు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం సోదరులు కబురు చేసినప్పుడు, పూర్వ విద్యార్థులందరూ రాసేదే నేనూ రాద్దామనుకున్నాను: హాస్టల్ సాంబారు, ఎన్నికల ఊరేగింపులు, లైబ్రరీ మెట్ల మీద కబుర్లు. కాని అవన్నీ నాకన్నా బాగా రాయగలవారు ఈ సంచికలో ఉండే ఉంటారు. నేను 1983లో ఈ కాలేజీలో బి.ఎస్సీ. చేరినవాణ్ణి. ఆ తరువాత ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంటర్మీడియెట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. నాకు చేతనైంది మొక్కల గురించి చెప్పడమే కనుక, ఒక మొక్క గురించే రాస్తాను. అది గంధపు చెట్టు కాదు, బ్రహ్మకమలం కాదు. మీరు ఈ రోజు క్లాసుకు వస్తూ వస్తూ తొక్కి వచ్చిన మొక్క.

నమ్మకం లేకపోతే ఈ పుస్తకం చేతిలో పట్టుకొని సైకిల్ స్టాండు వెనక్కో, గ్రౌండు అంచుకో వెళ్ళి చూడండి. నేలను అంటుకొని పాకే కాండం, దాని నిండా తెల్లని నూగు, ఎదురెదురుగా రెండేసి ఆకులు, ఆకుల అంచులకు ఎగుడుదిగుడు రంపపు పళ్ళు. ఆ పాకే తీగ నుంచి జానెడు, ఒక్కోసారి మూరెడు పొడవున సన్నటి కాడ ఒకటి నిటారుగా లేచి ఉంటుంది. కాడ చివర ఒకే ఒక్క పువ్వు. మధ్యలో పసుపు, చుట్టూ పాలమీగడ రంగు రేకలు ఐదో ఆరో. అదే గడ్డి చామంతి. శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు. ప్రొకంబెన్స్ అంటే నేలమీద వాలి పడుకున్నది అని అర్థం. ఇంత సోమరి పేరు పెట్టుకొని ఇంత చురుగ్గా బతికే మొక్కను నేను మరొకదాన్ని చూడలేదు.

పుస్తకాల్లో కొన్ని దీన్ని ఏకవార్షికం అంటాయి, కొన్ని బహువార్షికం అంటాయి. రెండూ అబద్ధం కాదు. నీళ్ళు బొత్తిగా లేని చోట ఏడాదికే ఎండిపోవచ్చు. కాస్త తడి తగిలే చోట మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. కాండం నేలను తాకిన ప్రతి కణుపు దగ్గరా కొత్త వేళ్ళు దించుకుంటుంది. పైన కోసినా, పశువు కొరికినా, మనం తొక్కినా కింద పని ఆగదు. పన్నెండు నెలలూ పూస్తుంది.

ఇక మన పేర్లు. గడ్డి చామంతి అనేది అందరికీ తెలిసినది. కొన్ని ఊళ్ళలో గాయపాకు అంటారు. మా వైపు నల్లారం అంటాం, పలకాకు అని కూడా అంటాం. ఈ చివరి పేరు వెనక కథ ఇప్పటి పిల్లలకు చెప్పాలి. మేము చదివిన బడిలో నోటుబుక్కులు ఉండేవి కావు, పలకలే. రాసీ తుడిచీ రాసీ తుడిచీ పలక తెల్లబోయేది. బలపంతో రాస్తే అక్షరం ఆనేది కాదు. అప్పుడు ఈ ఆకు గుప్పెడు తెంపి, ఇంత బొగ్గు కలిపి పలకమీద పసరు దిగేదాకా రుద్దేవాళ్ళం. ఆరబెడితే పలక నల్లగా నిగనిగలాడేది. ఎవరి పలక ఎక్కువ నల్లగా ఉందని పోటీలు. అంటే ఈ మొక్కతో నా పరిచయం వృక్షశాస్త్రం కన్నా పాతది, ఓనమాలతో సమానమైనది.

అంత పరిచయం ఉన్నవాణ్ణి గనుకనే డిగ్రీ రెండో సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో బోల్తా పడ్డాను. ఆస్టరేసి కుటుంబానికి, అంటే అప్పుడు మేము కంపోజిటే అని చదువుకున్న దానికి, కాలేజీల్లో సాధారణంగా ఇచ్చే నమూనా మొక్క ఇదే. ఖర్చు లేదు, ఏ నెలలోనైనా దొరుకుతుంది, అటెండరు గేటు దాటకుండానే తీసుకురాగలడు. నా ముందు పెట్టిన పళ్ళెంలో గడ్డి చామంతిని చూసి నాకు పెళ్ళివారిలో చుట్టం కనిపించినంత సంతోషం కలిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు వంగి చూసి, "ఎన్ని పువ్వులున్నాయయ్యా ఇక్కడ?" అని అడిగారు.

"ఒకటండీ" అన్నాను ఏ మాత్రం తడుముకోకుండా.

ఆయన కోప్పడలేదు. సూది నా చేతికిచ్చి, "విప్పి లెక్కపెట్టు" అన్నారు.

లెక్కపెట్టాను. పసుపు బొట్టులాగా కనిపించిన మధ్యభాగం నిండా గొట్టాల్లాంటి బుల్లి బుల్లి పువ్వులు. నలభై దాటాక నా చేయి వణికి లెక్క తప్పింది. చుట్టూ రేకలనుకున్నవి రేకలు కావు, అవి కూడా ఒక్కొక్కటి ఒక్కో పువ్వు! చదువుకోలేదా అంటే చదువుకున్నాను. శీర్షవత్ పుష్పవిన్యాసం అనే మాట నోట్సులో ఎర్రసిరాతో కింద గీత గీసుకొని మరీ బట్టీ పెట్టాను. కాని ఆ మాటకూ చిన్నప్పుడు తెంపి చెవిలో పెట్టుకున్న ఆ పువ్వుకూ మధ్య సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. ఆ రోజు నాకు పోయిన మార్కులు ఎన్నో గుర్తులేదు, పరువు మాత్రం బాగా పోయింది.

ఆ పువ్వులోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. సాహిత్యం చదివే మిత్రులు విసుక్కోవద్దు, ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. కాడ చివర భాగం వెడల్పుగా పీటలాగా మారుతుంది. ఆ పీట మీద పూలన్నీ గుంపుగా కూర్చుంటాయి. కింద పచ్చని పుచ్ఛాలు గిన్నెలాగా చుట్టి కాపలా కాస్తాయి. అంచున కూర్చున్నవి కిరణ పుష్పకాలు. వాటి పని ముఖ్యంగా పిలవడం. ఒక్కొక్కటీ ఒక పక్కకు రేకను చాపి, దాని కొసన మూడు గాట్లు పెట్టుకొని ఉంటుంది. ఆ మూడు గాట్లను బట్టే ట్రైడాక్స్ అనే పేరని మా లెక్చరర్లు చెప్పేవారు. వీటిలో ఆడభాగమే ఉంటుంది, కేసరాలుండవు. మధ్యనున్న గొట్టపు పూలు బింబ పుష్పకాలు. వాటిలో ఆడా మగా రెండు భాగాలూ ఉంటాయి.

ఈ బింబ పుష్పకం పనితనం చూడవలసిందే. దాని ఐదు కేసరాల పరాగకోశాలూ అంచులు కలుపుకొని ఒక గొట్టంగా ఏర్పడతాయి. పుప్పొడి ఆ గొట్టం లోపలికి రాలుతుంది. అడుగునుంచి కీలం మెల్లగా పొడుగెదుగుతూ, సైకిలు పంపులో రాడ్డు గాలిని తోసినట్టుగా ఆ పుప్పొడిని పైకి తోస్తుంది. పురుగో సీతాకోకచిలుకో వచ్చి తన కాళ్ళకు అంటించుకుపోతుంది. పుప్పొడి అయిపోయిన తరువాత గాని ఆ కీలం కొన రెండుగా చీలి, కీలాగ్రం తెరిచి, బయటి నుంచి వచ్చే పుప్పొడి కోసం ఎదురుచూడదు. ముందు ఇవ్వడం, తరువాత పుచ్చుకోవడం. పూలన్నీ ఒకేసారి విచ్చుకోవు. అంచున మొదలుపెట్టి వరుస వరుసగా లోపలికి జరుగుతాయి. అందువల్ల ఒక తల కొన్ని రోజులపాటు దుకాణం తెరిచే ఉంచుతుంది. చిన్న సీతాకోకచిలుకలకు ఇది తెలుసు. గోరంత నీలివీ, పసుపువీ వచ్చి ఒక్కో పువ్వు మీద కాదు, ఒక్కో ఊరి మీద వాలుతాయి. కాళ్ళు కదపకుండానే చుట్టూ ఉన్న గొట్టాలన్నింటిలో తేనె తాగి లేస్తాయి. కాలేజీ మొత్తంలో సీతాకోకచిలుకలు చూడాలంటే తోటలో గులాబీల దగ్గర కన్నా ఈ గడ్డిలో చూడటమే మేలు.

ఒక్కో పుష్పకానికీ కింద ఒక అండాశయం, అందులో ఒకే అండం. అది ముదిరి నల్లటి సన్న గింజవుతుంది. మామూలు పువ్వుకు రక్షకపత్రాలుండే చోట దీనికి ఈకల్లాంటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది. దాన్ని కేశగుచ్ఛం అంటారు. ఎండ ఎక్కేసరికి ఆ తల బూడిదరంగు బంతిలాగా విచ్చుకుంటుంది, చిన్న గాలి వస్తే చాలు, గింజకొక గొడుగు చొప్పున లేచిపోతాయి. మా హాస్టల్ రెండో అంతస్తు కిటికీ గూట్లో పేరుకున్న దుమ్ములో ఒక మొక్క మొలిచి పూసింది. విత్తింది ఎవరు? గాలే.

ఆ గాలి ఎంత దూరం నుంచి తెచ్చిందంటే కొంచెం ఆశ్చర్యపోవాలి. గాలి ఒక్కటే కాదు, ఓడలు కూడా. గడ్డి చామంతి మన దేశపు మొక్క కాదు. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికాలోని వేడి ప్రాంతాలు. 1492లో కొలంబస్ అటు వెళ్ళిన తరువాత గాని అక్కడి మొక్కలు ఇటు రావడానికి దారి పడలేదు. మా అవ్వతో ఈ మాట అంటే నమ్మేది కాదు. తెలుగులో ఇన్ని పేర్లున్న మొక్క పరాయిది ఎట్లా అవుతుంది? కాని బతుకమ్మలో పేర్చే బంతి కూడా మెక్సికోదే. పచ్చట్లో మిరపకాయ కూడా ఆ అమెరికాల నుంచే వచ్చింది. వచ్చినవాళ్ళు మన మధ్య ఉండి, మన పనికి వచ్చి, మన పేరు పెట్టించుకుంటే చుట్టాలవుతారు. అయితే ఎక్కడి చుట్టరికం అక్కడే. అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం మాత్రం ఇదే మొక్కను హానికరమైన కలుపుల జాబితాలో పెట్టింది. మన చేలల్లోనూ ఇది కలుపే, పైరులో పడితే రైతు పీకవలసిందే. నేను చెప్పేది బీడు గురించి, బాటల అంచుల గురించి.

ఇక్కడ మా బ్యాచి చేసిన ఒక ఘనకార్యం ఒప్పుకోవాలి.

1985 వానాకాలం తరువాత మాకు శ్రమదానం చేయాలని ఉత్సాహం పుట్టింది. ఆ రోజుల్లో వయ్యారిభామ మీద పత్రికల్లో తెగ రాస్తున్నారు. పార్థీనియం అనే ఈ మొక్కను 1955లో పూణేలో గుర్తించారు. తరువాత ముప్ఫై ఏళ్ళలో రైలు కట్టలు పట్టుకొని దేశమంతా పాకింది. అమెరికా నుంచి వచ్చిన గోధుమలతో కలిసి వచ్చిందని చెప్పుకునేవారు, అందుకే కాంగ్రెస్ గడ్డి అనే పేరు కూడా పడింది. ముట్టుకుంటే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం. దాన్ని తినే పురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగుళూరులో వదిలారని కూడా చదివాం. పురుగు మా దాకా వచ్చేలోపు మేమే పీకేద్దామని యాభై మందిమి పారలూ బుట్టలూ పట్టుకొని గ్రౌండు మీద పడ్డాం. సగం మంది పట్నం పిల్లలు. వాళ్ళకు చెప్పిన గుర్తు ఒక్కటే, తెల్లపూల పిచ్చిమొక్క అని.

వయ్యారిభామ నడుమెత్తున, ఒక్కోచోట భుజమెత్తున నిటారుగా పెరుగుతుంది. ఆకు క్యారెట్ ఆకులాగా చీలికలు చీలికలుగా ఉంటుంది. పూలు కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా, మిరియపు గింజంత తెల్లటివి, కొంచెం పలకలుగా కనిపిస్తాయి. గడ్డి చామంతికీ దానికీ కుటుంబం ఒకటే, పుట్టిల్లు ఒకటే, పోలిక అంతటితో సరి. కాని మా వాళ్ళకు ఎత్తుగా, గరుగ్గా ఉన్నదాన్ని పీకడం కష్టం, నేలమీది మెత్తటిదాన్ని పారతో చెక్కడం సులువు. మధ్యాహ్నానికి పది బుట్టల గడ్డి చామంతి పోగుపడింది. వయ్యారిభామ రెండు బుట్టలు.

అప్పుడు మా మాలి తాత వచ్చాడు. చాలాసేపు చూసి, "బిడ్డా, ఈ నల్లారం ఏం జేసింది మీకు? దీన్ని మేకలు దింటయి, పిల్లలు పలకలు రుద్దుకుంటరు. అటు వయ్యారిభామను ఇడిసిపెట్టి దీన్ని చెక్కుతున్రేంది?" అన్నాడు. పలకలు రుద్దుకున్నవాణ్ణి నేనూ అక్కడే ఉన్నాను. ప్రాక్టికల్లో దీనిమీదే పరువు పోగొట్టుకున్నవాణ్ణి. అయినా చెప్పలేకపోయాను. నాయకుడు నా రూమ్మేటు, ఫోటో తీసేవాడు అప్పటికే కెమెరా సవరిస్తున్నాడు. తల వంచుకొని ఇంకో బుట్ట నింపాను.

తరువాత జరిగింది చెబుతాను. గడ్డి చామంతి కణుపు ముక్కలు నేలలో మిగిలినవి మిగిలినట్టే చిగిర్చాయి, అదేమీ పూర్తిగా పోలేదు. కాని నేల కప్పు పోయి మట్టి తేలిన చోటల్లా, మరుసటి వానకు ముందుగా లేచింది వయ్యారిభామ. దానికి కావలసింది అట్లాంటి తవ్విన ఖాళీ నేలే. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, అవి మట్టిలో అప్పటికే కాచుకొని ఉన్నాయి. మేము శుభ్రం చేసిన గ్రౌండు మూల ఏడాది తిరిగేసరికి నడుమెత్తు వయ్యారిభామ తోటయింది. మేము పరీక్షల్లో మునిగి ఉన్నాం. దాన్ని పీకే పని మాలి తాత మీద పడింది. చేతులకు తొడుగులు అడిగాడో లేదో, ఎవరైనా ఇచ్చారో లేదో నాకు తెలియదు. వట్టి చేతులతోనే పీకడం మాత్రం రోజూ చూశాను. రెండు నెలలకు మోచేతుల దాకా, మెడ మీదా చర్మం నల్లబడి, పగిలి, రసి కారడం మొదలైంది. రాత్రుళ్ళు దురదతో నిద్ర ఉండేది కాదట. ఒకసారి పార్థీనియం పడకుండా పోయిన ఒంటికి మళ్ళీ ఎప్పుడు తగిలినా అంతే. ఆయన ఆ పని మానుకోవలసి వచ్చింది. మా శ్రమదానం ఫోటో మాత్రం బాగా వచ్చింది.

ఇప్పుడు మీలో ఎవరైనా ఆ పనికి పూనుకుంటే, పీకవలసినది క్యారెట్ ఆకులదాన్ని. పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి తొడుగూ ముక్కుకు గుడ్డా కట్టుకొని, వేళ్ళతో సహా పీకాలి. పూత వచ్చాక పీకితే గింజలు మనమే చల్లినట్టు. నేలను పరుచుకొని ఉన్న గడ్డి చామంతిని దాని మానాన వదిలేయండి.

గాయపాకు అనే పేరును పైన ఒక్క మాటతో దాటేశాను. కావాలనే దాటేశాను, దానికి వేరే చోటు కావాలి గనుక. కొడవలి తెగినా, రాయి తగిలినా ఈ ఆకు నలిపి పసరు పిండటం మా ఊళ్ళో ప్రతివారికీ తెలుసు. రక్తం కట్టడం నేను కళ్ళారా చూశాను. ప్రయోగశాలల్లోనూ 1980ల నుంచి మన దేశంలో ఎలుకల మీద పరీక్షలు చేసి, దీని రసంలో పుండు మానడానికి తోడ్పడే గుణం కనిపించిందని రాశారు. కనుక ముసలివాళ్ళు చెప్పింది ఉత్తమాట కాదు. కాని ఎలుక మీద, శుభ్రం చేసి తీసిన రసంతో చేసిన పరీక్ష వేరు. దారి పక్కన పేడా మట్టీ అంటిన ఆకును అరచేతిలో నలిపి గాయంలో కుక్కడం వేరు. ధనుర్వాతం కలిగించే సూక్ష్మక్రిమి ఉండేది ఆ మట్టిలోనే. గాలి తగలని లోతైన గాయం దానికి సొంత ఇల్లు.

మా వాడలో నాకన్నా రెండేళ్ళు పెద్దవాడు ఒకడుండేవాడు. బండి చక్రం దగ్గర ఆడుతూ తుప్పు మేకు తొక్కాడు. ఆకు కట్టారు. రక్తం కట్టింది, అందరూ మరిచిపోయారు. ఏడెనిమిది రోజులకు దవడ బిగుసుకుంది. ఆ తరువాతి సంగతి రాయను.

మరుసటి ఏడు నేనూ మేకు తొక్కాను. అవ్వ యథాప్రకారం నల్లారం నలిపి కట్టింది. బడిలో సారు నా కుంటునడక చూసి, కట్టు విప్పించి, మాట్లాడకుండా తన సైకిలెక్కించుకొని నాలుగు మైళ్ళ దూరాన ఉన్న దవాఖానకు తీసుకెళ్ళారు. కాంపౌండరు ఆ పసరంతా కడిగి పారేసి, సారును కూడా కలిపి తిట్టి, సూది వేశాడు. ఇంటికొచ్చాక అవ్వకు కోపం వచ్చింది. తన ఆకు కడిగేశారని రెండు రోజులు సారు పేరెత్తితే చాలు మూతి తిప్పుకునేది.

ఆ పంట కోతలకు అవ్వ చేతికే కొడవలి లోతుగా తెగింది. కొంగు అదిమిపెట్టుకొని గట్టు మీదికి వచ్చి కూర్చుంది. నేను అలవాటుగా నల్లారం తెంపుకొని పరిగెత్తుకొచ్చాను. ఆకు నా చేతిలోంచి తీసుకొని వాసన చూసి, పక్కన పెట్టి, "ఇది మళ్ళ జూద్దాం గని, మీ సారు సైకిలు ఇంట్ల ఉన్నదా చూసిరాపో బిడ్డా" అంది.